వంటింట్లోంచి చూసిన కొండ

మీరు తార్హేలియా సైలేమాను తప్పకుండా కలవాలి. గుండ్రటి ముఖం, నెత్తిన ఆకుపచ్చ ఊలు టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. అరవై ఒకటో ఏట కూడా నిండు పాలక్యాను ఒంటి చేత్తో ఎత్తి బండి మీద పెట్టే మనిషి. మీరు గుమ్మంలోకి రాగానే ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన వేరుశనగ పచ్చడి పెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవనివ్వదు. అంతా అయ్యాక కొండ గురించి మాత్రం అడగకండి. ఒకప్పుడు అడక్కుండానే గంటసేపు చెప్పేది. ఇప్పుడు అడిగితే పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

ఆమె ఊరు సాచాపాంబాలో కొండ అంటే ఒక్కటే, యానా ఉర్కు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ముసలమ్మ అంటారు. ముసలమ్మ పడుకుంది, ముసలమ్మ దగ్గింది, ముసలమ్మకి ఇవాళ ఒంట్లో బాలేదు. నోరు తెరుచుకుని కూర్చున్న అగ్నిపర్వతం గురించి, మంచాన పడ్డ అత్తగారి గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు.

ఆ ముసలమ్మ చుట్టూ పదకొండు మంది కాపలా. జీతం లేదు. రాజధానిలోని పరిశోధన కేంద్రం వాళ్ళు తలా ఒక చేతి రేడియో, టార్చి, పసుపు రంగు కోటు ఇచ్చారు, అంతే. రోజూ సాయంత్రం ఐదున్నరకి కేంద్రం నుంచి పిలుపు వస్తుంది. రేడియోలో ఒక్కొక్కరికి ఒక్కో పేరు. తార్హేలియా పేరు గద్ద. తూర్పు లోయలో ఉండే పెద్దాయన దోన్ రోసెందో చికైసా పేరు లామా, అక్కడ బరువులు మోసే జంతువు. "గద్దా, ముసలమ్మ ఎలా ఉంది?" అని కేంద్రం అడిగితే, "నిర్మలంగా ఉంది. సన్నగా తెల్లావిరి. చప్పుడు లేదు, వాసన లేదు" అని చెప్పాలి. నిమిషం పని. కానీ ఆ నిమిషం కోసం తార్హేలియా ఇంటి వెనక నుంచి ముప్పావుగంట శిలువ గుట్ట ఎక్కాలి. అక్కడి నుంచైతేనే ముసలమ్మ నోటికున్న పడమటి పెదవీ, తూర్పు పెదవీ రెండూ ఒకేసారి కనపడతాయి. తూర్పు పెదవికి సరిగ్గా కిందనే దోన్ రోసెందో వాళ్ళ లోయ. పంతొమ్మిది ఇళ్ళు.

పదకొండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున నేల కింద బండలు దొర్లించిన చప్పుడు ముందుగా విన్నది తార్హేలియానే. రాత్రి బట్టల్లోనే గుట్టెక్కి, రేడియోలో గొంతు పోయేలా అరిచింది. మధ్యాహ్నానికల్లా నలభై మూడు కుటుంబాలు పాలబండ్లెక్కి దిగువకి వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రం బూడిద పడి ఇళ్ళ కప్పులు కూలాయి, ఆవులు పోయాయి. మనుషుల్లో ఒక్కరూ పోలేదు. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరు ఏ పుకారు తెచ్చినా ఎదుటివాళ్ళు అడిగేది ఒకటే: "తార్హేలియా చెప్పిందా?"

ఇక మొన్నటి జనవరి సంగతి. వానల్లో ఆమె కుడి మోకాలు వాచింది. నిజంగానే వాచింది. అంబాటో పట్నంలో బ్యూటీపార్లర్ నడిపే కూతురు మైరా మందులతో పాటు ఒక పెద్ద ఫోన్ కూడా పంపింది. అప్పటికే ఆడబిడ్డ బ్లాంకా దుకాణం కప్పు మీద తెల్లటి పళ్ళెం ఒకటి లేచి ఊరికి ఇంటర్నెట్ వచ్చింది. కేంద్రం వాళ్ళు కొండ దిగువ చరియ మీద కెమెరా పెట్టారు. నిమిషానికో బొమ్మ. ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు.

"ఈ వానలో ఆ కాలేసుకుని ఎక్కడికి వదినా?" అంది బ్లాంకా ఆ రోజు, కోటు తొడుక్కుంటున్న తార్హేలియాను చూసి.

"ఐదున్నరకి పిలుస్తారు కదే."

"ఫోన్లో చూడరాదూ! ముసలమ్మ నీ అరచేతిలోనే ఉంది. దుకాణంలో కూచుని నేను రోజుకి పదిసార్లు చూస్తున్నా. మా ఆయన ముఖమైనా అన్నిసార్లు చూళ్ళేదు."

తార్హేలియా నవ్వింది. కోటు విప్పేసింది. దుంపల తోలు తీస్తూ ఫోన్ చూసి, వంటింట్లోంచే రేడియోలో చెప్పింది. "అందింది గద్దా, ధన్యవాదాలు" అంది కేంద్రం. ఎక్కడి నుంచి చూశారని అడగలేదు. అన్నేళ్ళలో ఆమెనలా అడగాలని ఎవరికీ తోచలేదు.

మోకాలు మూడు వారాల్లో తగ్గిపోయింది. తార్హేలియా చాన్నాళ్ళు ఎవరికీ చెప్పుకోలేని ముక్క ఇదే. నొప్పి తగ్గాక కూడా ఎక్కలేదు. ఐదింటికి టీవీలో ఒక టర్కీ సీరియల్ వచ్చేది. ఒక ధనవంతుడి కొడుకు, గతం మరిచిపోయిన పెళ్ళికూతురు. ఐదున్నరకి ప్రకటనలు వచ్చేవి. ఆ ప్రకటనల మధ్యలో ఫోన్ చూసి, రేడియో నొక్కి, చెప్పేసి, మళ్ళీ కుర్చీలో కూర్చునేది. మార్చికల్లా ఆమెకది అబద్ధమని కూడా అనిపించడం మానేసింది. గాలి ఎటు వీస్తోందో చెప్పేది. గంధకం వాసన లేదనేది. ఫోన్లో వాసన రాదు. అయినా చెప్పేది.

మే నెలలో ఒక సాయంత్రం రేడియోలో లామా వంతు వచ్చింది.

"ఇక్కడ లామా. తూర్పు పెదవి దగ్గర పొగ. పసుపు కలిసిన బూడిద రంగు. కెటిల్ మూత ఎగిరినట్టు రెండుసార్లు పైకి లేచింది. వాసన కూడా కొడుతోంది."

కేంద్రంలో ఆ రోజు ఉన్నది ఇంజనీరు నటాలి విల్యాక్రెస్. ముప్పై ఏళ్ళ పిల్ల, ఎప్పుడూ హడావుడి. "లామా, కెమెరాలో ఏమీ లేదే. అటువైపు దానికి కనపడదనుకోండి, రాళ్ళు అడ్డం. గద్దా, మీ గుట్ట మీంచి తూర్పు పెదవి కనపడుతుంది కదా. ఏమైనా ఉందా?"

తార్హేలియా గరిటె పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. ఫోన్లో పడమటి పెదవి, దాని మీద పలచటి ఆవిరి. టీవీలో పెళ్ళికూతురు ఏడుస్తోంది. మిగతా తొమ్మిది మంది కాపలాదారులు రేడియోలో వింటున్నారు. 'ఉండండమ్మా, ఎక్కి చూసి చెప్తా' అనొచ్చు. అంటే, ఇప్పుడు ఎక్కడున్నారని అడుగుతారు.

"ఏమీ లేదమ్మా. పళ్ళెం తుడిచినట్టుంది," అంది. అక్కడితో ఆపినా బాగుండేది. భయం వేస్తే ఆమెకి నోరు లేస్తుంది. "మా కొంపాద్రే కళ్ళజోడు మార్చాలేమో చూడండి. వాళ్ళావిడ సూపు మీద పొగ చూసి కొండనుకున్నారు!"

తొమ్మిది మందీ నవ్వారు. నటాలి కూడా నవ్వింది. తర్వాత దోన్ రోసెందో గొంతు వచ్చింది. "అందింది. లామా ముగించింది."

కొంపాద్రే అంటే అక్కడ మామూలు వరస కాదు. మైరాను బాప్తిస్మం నాడు నీళ్ళ దగ్గర ఎత్తుకున్నది రోసెందోనే. ఆ క్షణం నుంచి బిడ్డ తల్లికి ఆయన కొంపాద్రే, ఆయనకి ఆమె కొమాద్రే. చచ్చేదాకా ఒకరినొకరు మీరు అనే పిలుచుకోవాలి. నలుగురిలో ఒకరినొకరు తక్కువ చేసుకోకూడదు. అన్నదమ్ములు కొట్టుకున్నా ఊరు సర్దుకుపోతుంది గానీ కొంపాద్రేలు మాటా మాటా అనుకుంటే ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది. అలాంటిది తార్హేలియా పదిమంది చెవుల ముందు అనేసింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఆయన పేరు గుడ్డి లామా అయిపోయింది.

ఆగస్టు మొదటి వారంలో నటాలి జీపు వేసుకుని తార్హేలియా ఇంటికే వచ్చింది. పళ్ళెం ముందు పెట్టేలోపే ల్యాప్‌టాప్ తెరిచింది.

"దోన్యా తార్హేలియా, మీకో మంచి కబురు! కొండ బొమ్మ చూసి తనంతట తనే కబురు చెప్పే యంత్రం తయారైంది. ఊళ్ళోవాళ్ళు దానికి అప్పుడే వావా అని పేరు కూడా పెట్టేశారు."

వావా అంటే అక్కడ పసిబిడ్డ.

"అది ఎలా చెప్తుందమ్మా?"

"మీరు నేర్పిందే కదా! ఇన్నాళ్ళ కెమెరా బొమ్మలూ, మీ అందరి మాటలూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఈ బొమ్మ వచ్చిన రోజు కాపలావాళ్ళు ఏమన్నారు, ఆ బొమ్మ వచ్చిన రోజు ఏమన్నారు. అమ్మ చెయ్యి పట్టుకుని ఇది కుక్క, ఇది పిల్లి అని చూపించినట్టు. పదకొండు మందిలో కెమెరాతో బాగా కలిసింది ఎవరి మాటో చెప్పుకోండి."

తార్హేలియా ఒక దుంప చేతిలోకి తీసుకుంది.

"మీదే! ఈ ఏడాదైతే నూటికి తొంభై తొమ్మిది!"

కలవక ఏం చేస్తుంది. కెమెరా చెప్పిందే కెమెరాకి తిప్పి చెప్పింది. తార్హేలియా చేతిలోని దుంప వేడిగా ఉన్నా అలాగే పట్టుకుని కూర్చుంది.

"అందుకే మీ మాటనే కొలతగా పెట్టుకున్నాం. మీతో కలవని వాళ్ళవి పక్కన పెట్టేశాం. దోన్ రోసెందోవైతే మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. పాపం పెద్దాయన. శనివారం ఆయన రేడియో కూడా వెనక్కి తీసుకుంటున్నాం. గౌరవంగానే లెండి, ప్రశంసాపత్రం ఇస్తాం. అదే రోజు వావాకి సైరన్ తగిలిస్తాం. మొట్టమొదటి సైరన్ మీ ఊరికే!"

"మరి తూర్పు పెదవి?" అంది తార్హేలియా. "కెమెరాకి అటు కనపడదన్నారుగా."

"దానికేగా మీరున్నది! అటు ఏదైనా ఉంటే మీరు చెప్పేవారు. ఈ ఏడాది ఏడు నెలల్లో ఒక్కసారీ చెప్పలేదు. అంటే తూర్పు పక్క భయం లేదు. పడమర ఒక్కటీ చూస్తే చాలని తేలింది."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకోటి దొరకదు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. తలుపు వేసే ఉంది. తార్హేలియా నోరు తెరిచింది.

"ఇంకో దుంప వేసుకోండి ఇంజనీరమ్మా," అంది.

మర్నాడు పొద్దున్నే పాలు పిండకుండా గుట్టెక్కడానికి బయల్దేరింది. బాట దొరకలేదు. తను ఏళ్ళ తరబడి తొక్కిన బాట. ముళ్ళపొదలు చీల్చుకుంటూ, రెండుసార్లు దారి తప్పి, గంటన్నరకి పైకి చేరింది. తను కూర్చునే బండ మీద నాచు పట్టింది. శిలువ మొదట్లో కరిగిపోయిన కొవ్వొత్తులు నాలుగు వరసగా ఉన్నాయి. తను ఎప్పుడూ కొవ్వొత్తి పెట్టలేదు.

మబ్బు విడిపోయి ముసలమ్మ బయటికి వచ్చింది. తూర్పు పెదవి మీద, గుడ్డులోని పచ్చసొన ఒలికినట్టు, పసుపు మచ్చ. దాని కింద చరియ మీద గడ్డి మాడిపోయి ఉంది. ఆమె చూస్తుండగానే మచ్చ మధ్యలోంచి పొగ ఒకటి ఎగిరింది. కెటిల్ మూత ఎగిరినట్టే. కాసేపటికి వాసన వచ్చింది. కుళ్ళిన గుడ్ల వాసన. తార్హేలియా నాచు పట్టిన బండ మీదే కూర్చుంది. కింద లోయలో పంతొమ్మిది కప్పులు కనపడుతున్నాయి. ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

తిరిగి ఇంటికి వెళ్ళలేదు. అటు నుంచి అటే తూర్పు పక్క దిగి రోసెందో ఇంటి ముందు ఆగింది. ఆయన వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని రేడియోని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. పక్కన దాని పాత అట్టపెట్టె ఉంది. ఇన్నేళ్ళూ దాచినట్టున్నాడు.

"రండి కొమాద్రే. మాచికా పిండి కలపమంటారా? బార్లీ ఇవాళే వేయించాం."

"వద్దు కొంపాద్రే."

"అదేంటి, మా ఇంటికొచ్చి ఉత్త నోటితో కూర్చుంటారా?"

తార్హేలియా కూర్చోలేదు. "శిలువ దగ్గర కొవ్వొత్తులు మీవేనా?"

"నావే." ఆయన రేడియో మీట సందులో మట్టి గోటితో తీస్తున్నాడు. "మీరు ఆ రోజు అన్నాక నాకే అనుమానం వచ్చింది. డెబ్బై మూడేళ్ళు కదా, కళ్ళేమైనా పోయాయేమోనని. మీ గుట్ట మీంచి కూడా ఓసారి చూసుకుందామని ఎక్కాను. నాలుగు శనివారాలు, ఐదున్నర వేళకే ఎక్కాను."

"నేను లేను."

"లేరు."

"బాట కూడా..."

"మోకాళ్ళ దాకా ఉంది గడ్డి. కొడవలి తెచ్చుకోవాల్సింది అనుకున్నా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు కొంపాద్రే? కేంద్రంతో ఒక్క మాట అంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా!"

రోసెందో మొదటిసారి తలెత్తాడు. "మా కొమాద్రే అబద్ధం చెప్తోందని రేడియోలో ఎలా చెప్పమంటారు? మైరాను ఎత్తుకున్న చేతులివి."

"ఇక్కడ పంతొమ్మిది ఇళ్ళున్నాయి!"

"అదేగా మా ఆవిడ రోజూ తిట్టేది. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను, మూటలు కట్టి గుమ్మం పక్కన పెట్టుకోండ్రా అని. నవ్వారు. మీకు తెలుసుగా నన్నేమంటున్నారో."

తెలుసు. పెట్టింది తనే.

"శనివారం చెప్పమంటారా?" అంది చివరికి.

"నేను చెప్పమనను, మానమనను." రేడియోని పెట్టెలో పెట్టి మూత మూశాడు. "నాది ఎలాగూ వెళ్ళిపోతోంది. మీది మీ దగ్గరుంటుంది."

శనివారం పంచాయతీ వాకిలి నిండిపోయింది. గినియా పందులు కర్రలకి గుచ్చి నిప్పుల మీద తిప్పుతున్నారు, కొవ్వు కారి చిటపటలాడుతోంది. ఊరి బ్యాండు వచ్చింది. మధ్యలో కొత్త ఇనుప స్తంభం, దాని నెత్తిన ఎర్ర సైరన్, చుట్టూ కాగితం పూలు. తూర్పు లోయ వాళ్ళంతా పిల్లాజెల్లాతో ముందు వరసలో కూర్చున్నారు. బ్లాంకా కొత్త టోపీ పెట్టుకుని అందరికీ చెబుతోంది: "వావాకి చదువు చెప్పింది మా వదినేనండీ."

ముందు రోసెందోని పిలిచారు. నటాలి చెయ్యి కలిపి, అట్టపెట్టె తీసుకుని, చట్రం కట్టిన కాగితం ఇచ్చింది. చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో అరిచారు.

"కాగితం ఎందుకమ్మా, ఆయనకి కళ్ళజోడు ఇవ్వండి!"

వాకిలంతా గొల్లుమంది. రోసెందో కూడా కొంచెం నవ్వి, టోపీ సర్దుకుని, తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. తార్హేలియాకి ఆ మాట గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. తన వంటింట్లో పుట్టిన మాట, గరిటె చేతిలో ఉండగా అన్న మాట, మూడు నెలలు ఊరంతా తిరిగి మళ్ళీ ఆమె ముందుకే వచ్చింది.

ఐదున్నర అయింది. నటాలి మైకుకి రేడియో ఆనించి పెట్టింది. "వావా రాకముందు ఆఖరి కబురు ఇప్పుడు గద్ద చెప్తుంది. ఆ తర్వాత నుంచి ముందు వావాయే చెప్తుంది. సైరన్ మీట కూడా దోన్యా తార్హేలియానే నొక్కుతారు. గద్దా, ముసలమ్మ ఎలా ఉంది?"

తార్హేలియా నిలబడింది. అరచేతులు పావడాకి తుడుచుకుని మైకు అందుకుంది.

"ఇక్కడ గద్ద," అంది. అలవాటు చొప్పున గొంతు గట్టిగానే వచ్చింది. "ఈ వారం గుట్టెక్కాను. తూర్పు పెదవి మీద పసుపు మచ్చ ఉంది. పొగ వస్తోంది. వాసన ఉంది. మే నెలలో లామా చెప్పింది నిజం."

నటాలి ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.

"అంతకు ముందు ఏడు నెలలు నేను ఎక్కలేదు. వంటింట్లో ఉండి ఫోన్లో మీ కెమెరాయే చూసి మీకు చెప్పాను. వాసన లేదని కూడా చెప్పాను." "గద్ద ముగించింది," అనేసింది.

నిప్పుల మీద కర్రలు తిప్పేవాళ్ళు ఆపి ఇటు తిరిగారు.

"వదినా, ఏంటా మాటలు!" బ్లాంకా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. జనం వైపు తిరిగి, "ఎండలో కూచుంది కదా, కళ్ళు తిరిగినట్టున్నాయి. ఎవరైనా నీళ్ళు తెండి," అంది.

"నాకేం కళ్ళు తిరగలేదు," అంది తార్హేలియా.

నటాలి అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయింది. "ఏడు నెలలూనా? అన్నీనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ల్యాప్‌టాప్ మూసేసింది. "అయితే వావా నేర్చుకున్నదంతా తప్పు. దాన్ని నమ్మి సైరన్ తగిలిస్తే, తూర్పున కొండ పగిలినా అది మోగదు. ఇవాళ పెట్టలేం. మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. అటువైపు ఇంకో కెమెరా కావాలి. ఏడాది పట్టొచ్చు."

అప్పుడు లేచింది గోల.

"ఏడాదా! ఇన్నాళ్ళు నోరు మూసుకున్నావు, ఇంకో గంట మూసుకుంటే ఏం పోయేదే? సైరన్ పెట్టాక చెప్పుకోవాల్సింది!"

"సగం ఊరికైనా మోగేదిగా!"

"మరి మా సగం?" అని ముందు వరసలోంచి తూర్పు లోయ ఆడమనిషి ఒకావిడ లేచింది. "మేం చావాలా? ఈవిడ వంటింట్లో ఫోన్ చూస్తుంటే మేం కొండ కింద పడుకున్నాం! పదకొండేళ్ళుగా మా పిల్లలకి ఈవిడని చూపించి చెప్తున్నాం కదే, ఇదిగో మిమ్మల్ని కాపాడిన అమ్మమ్మ అని!"

అన్నిటికన్నా తార్హేలియాకి గుచ్చుకున్నది అదే. తలెత్తలేకపోయింది. బ్యాండు వాళ్ళు చప్పుడు చెయ్యకుండా బాకాలు సంచుల్లో పెట్టుకుంటున్నారు. నటాలి లేచి అట్టపెట్టె విప్పి రేడియో తీసి రోసెందో చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, ప్రశంసాపత్రాన్ని బల్ల మీద పెట్టి, భార్యని లేవదీసుకుని వెళ్ళిపోయాడు. తార్హేలియా పక్క నుంచే వెళ్ళాడు. "వస్తాను కొమాద్రే," అన్నాడు. మర్యాదగా. అంతే.

ఆ రాత్రే తూర్పు లోయలో ఇంటింటా మూటలు కట్టి గుమ్మాల పక్కన పెట్టుకున్నారు. రెండు కుటుంబాలు దిగువకి బంధువుల ఇంటికి వెళ్ళిపోయాయి.

తార్హేలియా తన రేడియో ఇచ్చేస్తానంది. నటాలి తీసుకోలేదు. కోపంగా ఉంది, దాచుకోలేదు కూడా. "ఇప్పుడు మీరు మానేస్తే ఆ గుట్ట మీద నాకు కళ్ళెక్కడివి? ఎక్కండి. రోజూ ఎక్కండి," అని జీపెక్కింది.

ఎక్కుతోంది. సీరియల్లో ఆ పెళ్ళికూతురికి గతం గుర్తొచ్చిందో లేదో తార్హేలియాకి తెలియదు. బాట మళ్ళీ బాటలా కనపడుతోంది. ఐదున్నరకి తన వంతు రాగానే, మిగతా కాపలాదారుల్లో ఎవరో ఒకరు మధ్యలో దూరి అడుగుతారు: "గద్దా, గుట్ట మీంచా, వంటింట్లోంచా?" నవ్వులు వినపడతాయి. "గుట్ట మీంచే," అంటుంది తను. రోజూ అడుగుతారు, రోజూ చెబుతుంది. లామా మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. వాళ్ళని ఆపనూ లేదు.

సైరన్ స్తంభం వాకిట్లో అలాగే ఉంది. కాగితం పూలు వానకి నానిపోయాయి. దానికి ఎవరో ఆవుని కట్టేస్తున్నారు. దుకాణానికి తిన్నగా వెళ్ళే దారి దాని పక్క నుంచే కాబట్టి తార్హేలియా ఉప్పుకి కూడా చుట్టుదారిన వెళుతుంది. బ్లాంకా ఇప్పటికీ ఉప్పు పొట్లం చేతికిస్తూ అంటుంది: "నిజం చెప్పావు, సరే. ఊరికి ఏం మిగిలింది వదినా? ఆవుని కట్టుకునే రాట."

ఇంకొక సంగతి ఉంది. మైకులో అన్నీ చెప్పింది గానీ కళ్ళజోడు మాట గురించి చెప్పలేదు. అది తప్పని, తనే అన్నానని, క్షమించమని రోసెందోని ఇంతవరకు అడగలేదు. ప్రతి శనివారం ఆయన కొవ్వొత్తుల పక్కన తనూ ఒకటి వెలిగిస్తుంది. ఎప్పుడైనా ఆయన పైకి వస్తే అక్కడే అడగాలని. ఇప్పుడు ఆమె ఎక్కుతోంది కాబట్టి ఆయనకి అక్కడికి వచ్చే అవసరం లేదు. లోయలోకి దిగి ఆయన గుమ్మం ముందు నిలబడే ధైర్యం ఆమెకి లేదు.

మీరే చెప్పండి. ఆ శనివారం సాయంత్రం చేతిలో మైకు ఉంది. ముందు వరసలో తూర్పు లోయ పిల్లలు కూర్చుని ఉన్నారు. స్తంభం మీద సైరన్ ఒక్క మీట నొక్కితే సగం ఊరికైనా కాపలా కాయడానికి సిద్ధంగా ఉంది. పక్కన మీ కొంపాద్రే చేతిలో ఉత్త కాగితం ఉంది. మీరైతే ఏం చేసేవారు?